అంజన్న కొండ కింద ఇంగ్లీషు గ్రామరు

18 ఆగస్టు 2025, సోమవారం

ఎనిమిదో తరగతి నోట్‌బుక్కులు ఇంటికి తెచ్చుకున్నాను. 'మా ఊరి గుడి' మీద పది వాక్యాలు రాయమంటే అందరూ కొండగట్టు ఆంజనేయస్వామి గుడి గురించే రాశారు. మల్యాల మండలంలో ఉంటూ ఇంకో గుడి గురించి రాయడానికి ఎవరికి చెయ్యి వస్తుంది! ఒకడి పేజీ ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను. ఎర్ర పెన్ను పడ్డాక ఆ అందం ఉండదు.

'ఇన్ అవర్ కొండగట్టు వన్ గాడ్ ఈజ్ దేర్. లాంగ్ లాంగ్ బ్యాక్ వన్ షెపర్డ్ ఈజ్ దేర్. హిజ్ నేమ్ సంజీవుడు. హిజ్ వన్ బఫెలో మిస్సింగ్. హీ సెర్చ్‌డ్ అండ్ సెర్చ్‌డ్ అండ్ స్లెప్ట్. గాడ్ కేమ్ ఇన్ డ్రీమ్ అండ్ టోల్డ్ దట్ ఐ యామ్ ఇన్ ద బుష్. హీ గాట్ అప్ అండ్ సీయింగ్ మీన్స్ గాడ్ ఓన్లీ ఈజ్ దేర్.'

తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టి సగంలో మానేశాను. వీడు ఇంగ్లీషు మాటలతో తెలుగు రాశాడు. ఆ తెలుగులో వెతికినా ఒక్క తప్పు దొరకదు. 'ఆయన పేరు సంజీవుడు' అనడానికి మనకు మధ్యలో ఏ క్రియా అక్కర్లేదు కాబట్టి 'ఈజ్' ఎగిరిపోయింది. 'లేచి చూస్తే' అనే మాటకు 'సీయింగ్ మీన్స్' అని పెట్టుకున్నాడు. 'దేవుడే' అనేటప్పుడు ఆ చివర్లో మనం ఒత్తి పలికే 'ఏ' ఉంది చూడండి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక 'ఓన్లీ' అని తగిలించాడు. దేశమంతా చేసే పనే ఇది.

నా పెన్ను ఆగింది మాత్రం దేవుడి మాట దగ్గర. 'గాడ్ టోల్డ్ దట్ ఐ యామ్ ఇన్ ద బుష్.' స్థలపురాణం ప్రకారం కొరంద పొదలో ఉన్నది స్వామి. ఇంగ్లీషు లెక్క ప్రకారం పొదలో ఉన్నది ఈ వ్యాసం రాసిన పోరడు. మనకు 'అని' ఉంది. ఎవరు అన్న మాట వాళ్ల నోట్లోంచి ఊడిపడ్డట్టే తెచ్చి, వెనకాల ఒక 'అని' పెడితే పనైపోతుంది. 'పొదల ఉన్న అని చెప్పిండు' అంటే కొండగట్టులో ఏ ముసలమ్మా తికమకపడదు. ఇంగ్లీషులో 'దట్' వచ్చిందంటే 'ఐ' కాస్తా 'హీ' కావాలి, 'యామ్' కాస్తా 'వాజ్' కావాలి. మాట ఒకటే, మనిషినీ కాలాన్నీ రెండింటినీ మార్చాలి. పదో తరగతిలో డైరెక్టు, ఇండైరెక్టు స్పీచ్ అని మార్కులు ఊడగొట్టే పాఠం ఇదే.

ఇంకో పిల్ల రాసింది: 'మై ఫాదర్ గేవ్ హిజ్ హెయిర్స్ టు గాడ్. మంకీ టుక్ మై కోకోనట్. మంకీస్ ఆర్ హావింగ్ నో ఫియర్.' తలనీలాలు అనే మాటే మనకు బహువచనం. ఇంగ్లీషువాడికి తల మీద ఉన్నంతసేపూ అది 'హెయిర్', ఒక్కటే ముద్ద. సాంబారులో ఒకటి కనిపిస్తే మాత్రం 'ఎ హెయిర్' అంటాడు, లెక్కపెడతాడు. పిల్ల తప్పు దిద్దాను కానీ, నాన్న గుండు చేయించుకున్నాక రాలినవి లెక్కకు రావా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కోతుల గురించి రాసింది అక్షరాలా నిజం కాబట్టి 'హావింగ్' ఒక్కటే కొట్టేశాను.

19 ఆగస్టు, మంగళవారం

మంగళవారం కాబట్టి బస్సులో నిలబడడానికీ చోటు లేదు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచీ, మంగళ, శనివారాలు జగిత్యాల నుంచి కరీంనగర్ వైపు పోయే బస్సుల్లో సగం మంది అంజన్న దగ్గరికే. కొండగట్టు స్టేజీ దగ్గర ఖాళీ అయ్యేసరికి నా చీర కుచ్చిళ్లు పోయాయి.

పొద వ్యాసం రాసినవాణ్ని క్లాసులో నిలబెట్టి అడిగాను.

"దేవుడు పొదల లేడు, నువ్వున్నవని రాసినవ్ గదరా. నువ్వు ఆ పొదల ఏం జేస్తున్నవ్?"

"బర్రెను ఎతుకుతున్న మేడం."

క్లాసు ఆగలేదు. ఇండైరెక్టు స్పీచ్ ఈ యేడు అందరికీ గుర్తుంటుంది.

స్టాఫ్‌రూంలో తెలుగు సారుకు ఈ సంగతి చెప్తే ఆయన గంభీరంగా ముఖం పెట్టి, "మేడం, మీరు ఎవరి కొండ కింద గ్రామరు చెప్తున్నరో ఎరుకేనా?" అన్నారు. నిజమే. హనుమంతుడు నవవ్యాకరణ పండితుడని చిన్నప్పటి నుంచి వింటున్నదే. సూర్యుడి దగ్గర వ్యాకరణం చదువుకున్నాడనీ, ఆ గురువు ఒక్కచోట ఆగేవాడు కాడు కాబట్టి ఉదయాద్రి నుంచి అస్తాద్రి దాకా ఆయన వెంటే నడుస్తూ పాఠం విన్నాడనీ ఉత్తరకాండలో ఉంది. కిష్కింధకాండ మూడో సర్గలో రాముడు హనుమంతుణ్ని మొదటిసారి చూసినప్పుడు మెచ్చుకున్నది బలాన్ని కాదు, మాటను. ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు, వ్యాకరణమంతా చదివినవాడే ఇలా మాట్లాడగలడు అని లక్ష్మణుడితో అంటాడు. లంకకు దూకడం, సంజీవని తేవడం తర్వాతి సంగతులు. ఉద్యోగం వచ్చింది ఇంటర్వ్యూలో గ్రామరు వల్ల.

పరీక్షల ముందు మా పిల్లలు పెన్నులు తీసుకుపోయి స్వామి పాదాల దగ్గర పెట్టించుకుని వస్తారు. అందరూ ధైర్యం కోసమనుకుంటారు. సరైన అడ్రసుకే పోతున్నారని నాకు ఇవ్వాళ తట్టింది.

21 ఆగస్టు, గురువారం

ఏడో తరగతి, 'ఎ', 'యాన్'. బోర్డు మీద 'హీ ఈజ్ – ఎమ్మెల్యే' అని ఖాళీ ఉంచి నింపమన్నాను. ముందు బెంచీ పిల్ల లేచి "హీ ఈజ్ ఏ ఎమ్మెల్యే" అంది. వెనక బెంచీ నుంచి ఒకడు నిజంగానే అడిగాడు, "ఏ ఎమ్మెల్యే మేడం? మన ఎమ్మెల్యేనా, జగిత్యాల ఎమ్మెల్యేనా?"

అచ్చు, హల్లు అని తెలుగులో ఒకటో తరగతి నుంచి ధ్వనితోనే నేర్చుకున్న పిల్లలకు ఈ పాఠం ఇంగ్లీషు పిల్లల కంటే సులువుగా రావాలి. ఏ, ఇ, ఐ, ఓ, యూ అనే అయిదు అక్షరాలు చూసి 'యాన్' పెట్టమని గైడ్లు చెప్తాయి. అందుకే 'యాన్ యూనివర్సిటీ' అని పీజీ చేసినవాళ్లు కూడా రాస్తారు. నేను గైడు పక్కన పెట్టించి, ఆ ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాయమంటాను. 'యూనివర్సిటీ' 'య'తో మొదలైంది, హల్లు, కాబట్టి 'ఎ'. 'అవర్' 'అ'తో మొదలైంది, ముందు 'హెచ్' ఉంటే ఉండనీ, 'యాన్'. 'యూరోపియన్' హల్లు. 'ఆనెస్ట్ మ్యాన్' అచ్చు. 'వన్ రుపీ కాయిన్' 'వ', హల్లు. ఇంగ్లీషు స్పెల్లింగు దాచిపెట్టిన ధ్వనిని మన లిపి బయటపెట్టేస్తుంది. పిల్లలు చకచకా చేసుకుపోయారు. నాకూ కొంచెం గర్వం వచ్చింది.

ఆ గర్వాన్ని అదే ఎమ్మెల్యే దించాడు. సగం మంది నోట్‌బుక్కుల్లో 'యమ్మెల్యే' అని ఉంది! మాట మొదట్లో 'ఎ' వస్తే ముందొక 'య'ను, 'ఒ' వస్తే ముందొక 'వ'ను తగిలించడం మన నోటికి ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. పాత పేపర్లలో, పెళ్లి కార్డుల్లో 'యం.ఏ.', 'యం.ఎల్.ఏ.' అని ఇప్పటికీ కనిపిస్తుంది. 'య' హల్లు కాబట్టి నేను చెప్పిన సూత్రం ప్రకారమే పిల్లలు 'ఎ యమ్మెల్యే' అని రాశారు. సూత్రం తప్పు కాదు, వాళ్ల తప్పూ కాదు. ఎమ్మెల్యే, ఎస్సై, ఎఫ్ఐఆర్, ఎల్ఐసీ ఏజెంటు, ఈ నలుగురి ముందు 'యాన్' అని బట్టీ పట్టించాను. ఎక్స్‌రేను మరిచిపోయాను, రేపు చెప్పాలి.

25 ఆగస్టు, సోమవారం

ఎల్లుండి వినాయక చవితి. లీవు లెటర్ల పండగ మాత్రం ఇవ్వాళే మొదలైంది. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్' అనే ముక్క రాకుండా మన దగ్గర లీవు లెటరు పుట్టదు. గైడులో జ్వరానికి రాసిన నమూనా ఒకటే ఉంటుంది, పిల్లలు రోగం పేరు తీసేసి తమకు కావలసింది పెట్టుకుంటారు.

'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ మై బ్రదర్ మ్యారేజ్.'

'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ గణపతి, ఐ కెనాట్ యేబుల్ టు అటెండ్.'

రెండోవాడు మండపం కమిటీలో ఉన్నాడు. విగ్రహం తేవడానికి ట్రాక్టరులో పోవాలి, చందాల లెక్క వాడి దగ్గరే ఉంది. సఫరింగ్ అన్నది తప్పు మాటని నేనెలా అనను? 'కెనాట్ యేబుల్' మాత్రం కొట్టేశాను.

30 ఆగస్టు, శనివారం

ముసురు. బస్సు ఆలస్యం. స్టేజీ దగ్గర రేకుల కింద నిలబడితే మా బడి పిల్ల వాళ్ల నాన్న పలకరించాడు. రియాద్‌లో డ్రైవరు, సెలవు మీద వచ్చాడు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి నాకు ఈ మాటలు కొత్త కాదు. అయినా ఆయన ఇంగ్లీషు చెవులు నిక్కబొడుచుకుని విన్నాను. అక్కడ తన సూపర్‌వైజరుతో ఎట్లా మాట్లాడతాడో చేసి చూపించాడు.

"మై ఫ్రెండ్, టుడే ట్రక్ ప్రాబ్లం. మెకానిక్ కమ్, ట్రక్ గో. మెకానిక్ నో కమ్, ట్రక్ నో గో."

ఇందులో ఆర్టికల్ లేదు, కాలం లేదు, 'ఇఫ్' కూడా లేదు. అయినా షరతు ఎంత స్పష్టంగా ఉంది! వినేవాడు ఫిలిప్పీన్స్ మనిషి, పక్కన నేపాలీ, ఎదురుగా పాకిస్తానీ. నలుగురికీ సొంతం కాని భాషలో నలుగురికీ అక్కర్లేని సామానంతా దించేసి, పని నడిచేంత ఉంచుకున్నారు. మా బడికి వచ్చే స్పోకెన్ ఇంగ్లీషు కరపత్రాల్లో 'విత్ ఫ్లూయెంట్' అని అచ్చేస్తారు. ఈయనకు అది లేదు, మాట మాత్రం ఎక్కడా ఆగదు.

"అకామా, సాలరీ, టికెట్, ఈ మూడు మాటలు అస్తే సౌదీల బతుకొచ్చు మేడం" అన్నాడు.

అంతలోనే జేబులోంచి మడత కాగితం తీశాడు. మేనల్లుడికి ఏజెంటు ఇచ్చిన ఆఫర్ లెటరు, ఒకసారి చూడమన్నాడు. జీతం, పని గంటలు బాగానే ఉన్నాయి. తిండి దగ్గర 'ఫుడ్ మే బి ప్రొవైడెడ్' అని ఉంది. బస దగ్గర 'షల్ బి ప్రొవైడెడ్'.

"తిండి, రూము రెండూ కంపెనీదేనట మేడం."

"రూము కంపెనీది. తిండి పెట్టినా పెట్టొచ్చు, పెట్టకపోనూ వచ్చు."

"పెడ్తమని రాసిండ్రు గదా?"

ఆ రెండు మాటల కింద గీత గీసి, ఒక్కొక్కదానికీ తెలుగులో ఏమవుతుందో పక్కన రాసిచ్చాను. 'మే' కింద 'పెట్టొచ్చు', 'షల్' కింద 'పెట్టాలె'. ఆయన చాలాసేపు చూసి ఫోను తీసి ఏజెంటుకు కలిపాడు. బస్సు వచ్చింది, ఎక్కాను. కిటికీలోంచి చూస్తే ఇంకా గట్టిగా మాట్లాడుతున్నాడు, వానకు వినపడలేదు. 'ది' ఎక్కడ పెట్టాలి, 'ఎ' ఎక్కడ పెట్టాలి అని క్లాసులో నెత్తి కొట్టుకునే పీరియడ్లలో రెండు తీసి 'మే', 'షల్', 'మస్ట్'లకు ఇయ్యాలి. మన జిల్లాకు ఆ లెక్కే కరెక్టు.

3 సెప్టెంబరు, బుధవారం

'హీ డిడ్ నాట్ వెంట్.' ఏటా ఇదే. మాతృభాష దెబ్బ అని ట్రైనింగుల్లో చెప్తారు. తెలుగులో ఆలోచించకండి, ఇంగ్లీషులోనే ఆలోచించండి అని కూడా చెప్తారు. ఇది తెలుగు దెబ్బ కాదని ఇవ్వాళ బోర్డు మీద నిరూపించాను.

పోయిండు – పోలే. తిన్నడు – తినలే. చూసిండు – చూడలే.

"'లే' వచ్చినంక 'పోయిండు' ఉంటదా?"

ఒకడు చెయ్యి ఎత్తాడు. "ఉంటది మేడం, 'పోయిండులే' అంటం."

"అంటే ఏందిరా?"

"అంటే పోయిండనే."

అదీ సంగతి. 'లే' వచ్చిందంటే అయిపోయిన కాలాన్ని అదే మోస్తుంది, ముందున్న క్రియ ఉత్తగా 'పో', 'తిన', 'చూడ' అని మిగులుతుంది. 'డిడ్ నాట్' చేసేదీ అదే పని. కాలాన్ని 'డిడ్' ఎత్తుకుంది కాబట్టి 'వెంట్' మళ్లీ 'గో' అయిపోవాలి. 'డిడ్ నాట్ వెంట్' అంటే మన 'పోయిండులే' లాంటిదే, అంటే పోయాడనే! ఈ ఒక్క చోట తెలుగూ ఇంగ్లీషూ ఇంత దగ్గరగా నడుస్తుంటే, తెలుగును బయట నిలబెట్టి తలుపేసుకోవడం దేనికి? 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లీషు అచ్చేసిన పుస్తకాలిచ్చారు. ఆ ఇయ్యడంలో ఉన్న తెలివి, తర్వాత ఆ తెలుగు పేజీని చూడొద్దనే మాటలో లేదు.

ప్రశ్నల దగ్గర మాత్రం తెలుగు అడ్డం తిరుగుతుంది. మనకు చివర 'ఆ' అంటే చాలు, ప్రశ్న తయారు. 'పోయిండు – పోయిండా'. కాబట్టి మా పిల్లలు "మేడం, గేమ్స్ పీరియడ్ ఆ?", "సర్ వెంట్ ఆ?" అంటారు. 'డిడ్'ను ముందుకు లాగి, 'వెంట్'ను 'గో' చేసి, మధ్యలో సారును కూర్చోబెట్టేలోపు సారు నిజంగానే వెళ్లిపోతాడు.

9 సెప్టెంబరు, మంగళవారం

కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. 1914లో ఇదే రోజు పుట్టాడాయన. ప్రార్థన దగ్గర తెలుగు సారు బాగా మాట్లాడారు. తర్వాత హెడ్‌మాస్టరు "ఇంగ్లీషు మేడం సుత రెండు ముక్కలు" అన్నారు. భాషా దినం నాడు ఇంగ్లీషు టీచరు ముఖం ఎట్లా పెట్టాలో ఎవరూ నేర్పలేదు.

ఇంగ్లీషువాళ్లు మన భాష దగ్గర పడ్డ తిప్పలు చెప్పాను. క్యాంబెల్ అనే దొర 1816లో మద్రాసులో తెలుగు వ్యాకరణం అచ్చేయించాడు. దాని పీఠికకు ఎల్లిస్ దొర ఒక నోట్ రాస్తూ తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వీటిది వేరే కుదురు అన్నాడు. బ్రౌన్ దొర మద్రాసులో తెలుగు మొదలుపెట్టి, 1820లో కడపకు వచ్చి, 1852లో నిఘంటువు తెచ్చేదాకా దాన్ని వదలలేదు. అంత కష్టపడ్డవాళ్లకూ 'మనం', 'మేము' అనే రెండు మాటల దగ్గర తడబాటు తప్పదు, ఎందుకంటే వాళ్లకు రెండింటికీ ఒకే 'వి'. ఒక కలెక్టరు దొర రైతులను నిలబెట్టి 'మనం శిస్తు కట్టాలి' అన్నాడనుకోండి, వీళ్లు ఎంత సంతోషించి ఉంటారు అన్నాను. పెద్ద పిల్లలు నవ్వారు. చిన్నవాళ్లు పెద్దవాళ్లను చూసి నవ్వారు.

ప్రార్థన దగ్గర చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ దొరల కథంతా అటు మద్రాసు వైపుది. ఇటు నిజాం రాజ్యం, బడి చదువు ఉర్దూలో. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ కూడా ఉర్దూ మీడియంతోనే మొదలైంది. మా తాత ఉర్దూలో చదివాడు, నేను తెలుగులో, ఈ పిల్లలు ఇంగ్లీషులో. ఉర్దూలో ప్రతి వస్తువూ ఆడో మగో కావాలి. రొట్టె ఆడది, అన్నం మగది. తెలుగువాడికి అది ఏ జన్మలో అర్థం కావాలి? 'రోటీ ఖాయా' అన్నందుకు మా తాతకు మౌల్వీ సాబ్ చేతిలో దెబ్బలు పడ్డాయట. మా పిల్లలు అమ్మను పట్టుకుని ఒక వాక్యంలో 'షీ' అనీ, ఇంకో వాక్యంలో 'ఇట్' అనీ రాస్తే నేను సున్నా చుడుతున్నాను. అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది, ఏదొచ్చినా మనకు 'వచ్చింది'యే. పైన భాష మూడు తరాల్లో మూడుసార్లు మారింది, తప్పులు చేయిస్తున్న తెలుగు మాత్రం కిందనే కూర్చుని ఉంది, కదల్లేదు.

12 సెప్టెంబరు, శుక్రవారం

పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఏ ఆఫీసు అని రాయను, నా సర్వీసు ఇంకా చాలా ఉంది. సారాంశం: 'ఆల్ హెడ్‌మాస్టర్స్ షుడ్ డిస్కస్ అబౌట్ ది సేమ్ అండ్ రివర్ట్ బ్యాక్ విదౌట్ ఫెయిల్, ఫెయిలింగ్ విచ్...'

'డిస్కస్' లోపలే 'గురించి' ఉంది, మళ్లీ 'అబౌట్' ఎందుకు? 'రివర్ట్' అంటేనే వెనక్కి పోవడం, దానికి మళ్లీ 'బ్యాక్'. 'విదౌట్ ఫెయిల్, ఫెయిలింగ్ విచ్' దగ్గర ఆ కాగితం తన కాళ్లకు తనే అడ్డం పడింది. ఎనిమిదో తరగతి పిల్లాడి తప్పు వెనక కనీసం ఒక భాష ఉంది. దీని వెనక ఏ భాషా లేదు, పాత ఫైళ్లు ఉన్నాయి. 'డూ ది నీడ్‌ఫుల్' అనేది ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లే ఉత్తరాల్లో రాసుకున్న మాట. వాళ్లు ఆ కోటు విప్పేసి ఎప్పుడో పోయారు, మన ఆఫీసుల్లో అదింకా కొక్కేనికి వేలాడుతోంది, వచ్చిన ప్రతివాడూ తొడుక్కుంటాడు.

'ప్రీపోన్' మీద మాత్రం నేను ఒక్క మాట పడనివ్వను. మీటింగు వెనక్కి జరిపితే 'పోస్ట్‌పోన్' ఉంది, ముందుకు జరిపితే ఇంగ్లీషువాడి దగ్గర ఒక్క మాటలో తేలిగ్గా చెప్పే దారి లేదు. మనవాళ్లు ఆ లోటు పూడ్చుకున్నారు, ఆక్స్‌ఫర్డు నిఘంటువు కూడా చేర్చుకుంది. 'పాస్డ్ అవుట్' సంగతి వేరు. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ పిల్లలు బస్సులో 'మా సీనియర్ పోయినేడు పాస్ అవుట్ అయిండు' అంటుంటే నాకు ఫరవాలేదు, మనకు అర్థమవుతుంది. అమెరికా ఇంటర్వ్యూలో అదే మాటంటే అవతలివాడికి తెలిసిన అర్థం స్పృహ తప్పి పడిపోవడం. నాలుగేళ్ల ఇంజినీరింగు, ముప్పై బ్యాక్‌లాగులు విన్నాక అదీ కరెక్టే అనుకుంటాడు.

16 సెప్టెంబరు, మంగళవారం

'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్.' మనకు ఒక్క 'సంది'. సోమవారం సంది, మూడు రోజుల సంది, రెండూ ఒకటే. ఇంగ్లీషు దాన్ని నిలువునా చీల్చి, మొదలైన చోటుకు 'సిన్స్', పట్టిన వ్యవధికి 'ఫర్' పెట్టింది. 'ఎప్పటి సంది' అని అడిగితే వచ్చే జవాబుకు సిన్స్, 'ఎన్ని రోజుల సంది' అని అడిగితే వచ్చే జవాబుకు ఫర్ అని చెప్పాను. నోటికి పట్టింది. పుట్టినప్పటి సంది, సిన్స్. పదేండ్ల సంది, ఫర్. దసరా సంది, సిన్స్.

"మేడం, మా నాయినమ్మకు మోకాళ్ల నొప్పులు ఎప్పటి సందో ఉన్నయి. దానికి?"

'ఎప్పటి సందో'. ఎప్పటి అని ఉంది కానీ ఎప్పుడో తెలియదు. "ఫర్ ఎ లాంగ్ టైమ్" అన్నాను.

"మరి ఎప్పటి అంటే సిన్స్ అన్నరు గదా?"

బెల్లు కొట్టారు. అటెండరుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

20 సెప్టెంబరు, శనివారం

రేపటి నుంచి దసరా సెలవులు. రేపే ఎంగిలిపూల బతుకమ్మ. పిల్లలు క్లాసులో ఉన్నారే కానీ మనసులు గునుగుపూల దగ్గరికి పోయాయి. సెలవుల్లో బతుకమ్మ మీద పదిహేను వాక్యాలు రాసుకుని రమ్మన్నాను. వెంటనే ఒక పిల్ల లేచింది.

"మేడం, బతుకమ్మను షీ అనాల్నా, ఇట్ అనాల్నా?"

పేర్చేటప్పుడు పూలు, కాబట్టి 'ఇట్'. నడుమ గౌరమ్మను పెట్టాక 'షీ'. చెరువులో వేసేటప్పుడు? అమ్మా పోయి రా అంటూ సాగనంపుతాం కాబట్టి 'షీ'యే. ఒక్కటి పట్టుకుని చివరిదాకా మార్చకు అని చెప్పాను. పరీక్ష పేపరుకు ఆ జవాబు చాలు. పిల్ల మాత్రం తృప్తి పడ్డట్టు కనిపించలేదు. 'వి ప్లే బతుకమ్మ' అని రాయొచ్చా అని ఇంకొకరు. రాయమన్నాను. బతుకమ్మ ఆడతాం, కాబట్టి 'ప్లే'. ఇంకో మాట వెతికి పెడితే అది మన పండగలా ఉండదు. ఎవరైనా అభ్యంతరం చెప్తే నా పేరు చెప్పమన్నాను.

"ఫోన్ల ఏఐతోని రాయించుకొని వచ్చిండ్రో, ఒక్క చూపుల పట్టుకుంట."

"ఎట్ల పడ్తరు మేడం?"

"తప్పుండదు గదా! 'వైబ్రంట్ సెలెబ్రేషన్', 'రిచ్ కల్చరల్ హెరిటేజ్' అని ఉంటది. మల్యాల మండలంల అట్ల మాట్లాడేటోళ్లను నేనింతవరకు చూడలే."

కాసేపు గుసగుసలు. తర్వాత పొదలో బర్రెను వెతికినవాడే లేచాడు.

"మేడం, అయితే ఏఐతోనే రాయించి నడుమ రెండు తప్పులు నేనే కలుపుకుంట."

"ఏం తప్పులు కలుపుతవ్ రా?"

"ఒక 'ది' తీసేస్త. ఒకచోట 'డిడ్ నాట్ వెంట్' పెడ్త."

"తప్పు ఎక్కడ పెట్టాల్నో అంత ఎరుకున్నప్పుడు నువ్వే రాయొచ్చు గదరా!"

"రాస్త గని మేడం, నేను రాస్తే రెండే అని గ్యారంటీ లేదు."

పెద్ద బెల్లు కొట్టారు. నేను 'హ్యాపీ దసరా' అనేలోపు క్లాసు ఖాళీ.